రెండో మతానికి నా తెలుగు తర్జుమా

టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో మా సంఘానికి సొంత గుడి లేదు. లిథువేనియా వాళ్ళు ఎప్పుడో కట్టుకున్న హాలును ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా అద్దెకు తీసుకునేవాళ్ళం. ఒంటిగంట అన్నది కాగితం మీది మాట. పదింటికి మొదలవ్వాల్సిన ఆరాధన పదకొండుకు మొదలయ్యేది. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, పుట్టినరోజుల వాళ్ళకు ప్రార్థన, పెళ్ళిరోజుల వాళ్ళకు ప్రార్థన, శాశ్వత నివాసానికి పీఆర్ వచ్చినవాళ్ళ కృతజ్ఞతలు, రానివాళ్ళ కన్నీళ్ళు, అన్నీ అయ్యేసరికి ఒంటిగంటన్నర దాటేది. ఆ తర్వాత భోజనాలు. బిర్యానీ ట్రే మూత తీశాక ఇక గడియారం వైపు ఎవరు చూస్తారు?

ఆ హాలు నిజానికి బాస్కెట్‌బాల్ కోర్టు. నేల మీద గీతలు, రెండు చివర్లా బోర్డులు, బుట్టలు. ఒక బుట్ట కిందే మా ప్రసంగ వేదిక, పుల్పిట్టు. ఆ ఏటికి ఎంచుకున్న బైబిలు వాగ్దాన వాక్యం రాసిన బ్యానరును ఆ బుట్ట రింగుకే కట్టేవాళ్ళం. రెండేళ్ళపాటు ఆ రింగు బ్యానరు కట్టుకోవడానికే ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఒంటిగంటకు హాలు సొంతదారుల పిల్లలు ఆటకు వచ్చి, బంతులు చంకలో పెట్టుకుని కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడేవారు. మేము వాళ్ళను చూసి నవ్వి, వచ్చి తినమని పిలిచేవాళ్ళం. వాళ్ళకు కావలసింది అన్నం కాదని, నేల అని మాకెవరికీ తట్టలేదు.

ఆ సంఘంలో నా పని తర్జుమా. బయటి పాస్టరు ఎవరైనా వచ్చి ఇంగ్లీషులో మాట్లాడితే, పక్కన నిలబడి ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెప్పాలి. మా సంఘంలో ముప్పావు వంతు మంది వారమంతా టొరంటో ఆఫీసుల్లో ఇంగ్లీషులోనే బతుకుతారు, ఇంగ్లీషులోనే పోట్లాడతారు. అయినా తర్జుమా ఉండాలి. ముందు రెండు వరుసల్లో సూపర్ వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు కూర్చుంటారన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు. ఇంగ్లీషులో విన్నది మావాళ్ళకు ఈమెయిలు లాగా ఉంటుంది, తెలుగులో విన్నదే దేవుడి మాట.

ఈ విద్య నాకు మా నాన్న నుంచి వచ్చింది. గోదావరి జిల్లాల్లో కన్వెన్షన్లకు వచ్చిన విదేశీ ప్రసంగీకుల పక్కన ఆయన నిలబడేవాడు. వాళ్ళు ఒక్క నిమిషం మాట్లాడితే ఆయన మూడు నిమిషాలు చెప్పేవాడు. జనం వచ్చేది ఆయన గొంతు కోసమే. "ఆయన ఏవన్నాడన్నది కాదమ్మా, జనం ఏం పట్టుకెళ్ళాలన్నదే చూసుకోవాలి" అనేవాడు. నేనూ అంతే నేర్చుకున్నాను, ఆ గర్వంతో సహా.

ఒక ఆదివారం ఆ హాలు చూసుకునే లిథువేనియా పెద్దాయన మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వచ్చి అయిదు నిమిషాలు మాట్లాడతానన్నాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, తలుపు కింద వంగి రావలసినంత పొడుగు. కారిడార్‌లో నిలబడే పిల్లలకు ఆట నేర్పేదీ ఆయనే. తెల్లాయన తనంతట తాను మా పుల్పిట్టు ఎక్కుతానంటే అయ్యగారి మొహం వెలిగిపోయింది. ఏం మాట్లాడతారని కూడా అడగలేదు. "సిస్టర్, మీరు తర్జుమాకి రండి" అని నాకు రెండో మైకు ఇచ్చారు.

ఆయన బాస్కెట్‌బాల్ గురించి మొదలుపెట్టాడు. ఈ ఆట కనిపెట్టింది కెనడాలో పుట్టినవాడేనని, పాస్టరు చదువు చదివి పిల్లల చేత కసరత్తులు చేయించే పనిలో చేరాడని, గోడకు పీచ్ పళ్ళ బుట్టలు కొట్టి ఆట మొదలుపెట్టాడని చెప్పాడు. పాస్టరు చదువు అన్న మాట చాలు, నేను అందుకున్నాను. "ప్రియులారా, ఒక దైవసేవకుడి చేతి పని ఇది" అన్నాను. ముందు వరుసలోంచి ఆమెన్ వచ్చింది. ఆయన కాస్త తెల్లబోయి కొనసాగించాడు.

తమది చిన్న దేశమని, చుట్టూ పెద్ద దేశాలని చెప్పాడు. రెండో యుద్ధానికి ముందు, అమెరికాకు వలసపోయిన వాళ్ళ పిల్లలు తిరిగివచ్చి ఆ ఆటను తమవాళ్ళకు వంటబట్టించారని, ఆ జట్టు యూరప్ మొత్తాన్నీ గెలిచిందని అన్నాడు. తర్వాతి పోటీలు తమ ఊళ్ళోనే జరగాలని కొద్ది నెలల్లో పెద్ద హాలు కట్టారట. పొరుగు దేశాన్ని ఒక్క పాయింటు తేడాతో ఓడించారట. అంతలో యుద్ధం. తర్వాత దేశమే లేకుండా పోయి సోవియట్ యూనియన్‌లో కలిసింది. పారిపోయినవాళ్ళలో ఆయన తల్లిదండ్రులు ఉన్నారు. ఆయన జర్మనీలో శరణార్థుల శిబిరంలో పుట్టాడు. వాళ్ళ నాన్న ఆ శిబిరంలో పాత పీపా ఇనప కట్టును గోడకు కొట్టి బుట్ట చేశాడు. తిండికి వరుసలో నిలబడి, తిన్నాక ఆడేవారట.

నేను చెదిరిపోయిన ప్రజల గురించి గొంతు వణికిస్తూ చెబుతున్నాను. స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. ఆ వణుకు కొంత నిజమే. నాకు ఆట రాదు, ఆ దేశం ఎక్కడుందో ఫోనులో చూసుకోవాలి. అయినా ఆ పీపా కట్టు మాట నన్ను పట్టుకుంది.

స్వదేశంలో తమ జెండా ఎగరేసే వీలు లేదని, అయితే మాస్కో సైన్యం జట్టును తమ ఊరి జట్టు ఓడించినప్పుడు ఊరంతా సొంత భాషలో అరిచేదని, ఆ అరుపును ఎవరూ ఆపలేకపోయారని చెప్పాడు. ఒకసారి సోవియట్ జట్టు ఒలింపిక్స్ బంగారం గెలిస్తే అందులో ముఖ్యులంతా తమవాళ్ళేనట. మోగిన గీతం మాత్రం తమది కాదు. నాలుగేళ్ళకు, దేశం మళ్ళీ స్వతంత్రమయ్యాక, సొంత జెండాతో వెళ్ళి కంచు తెచ్చుకున్నారు. "మా నాన్న ఇక్కడ టీవీ ముందు కూర్చుని బంగారానికి ఏడవలేదు. కంచుకు ఏడ్చాడు" అన్నాడు. అప్పుడొక మాట అన్నాడు: "మా దేశంలో బాస్కెట్‌బాల్ రెండో మతం."

మా పుల్పిట్టు మీద, వాగ్దాన వాక్యం కింద, రెండో మతమా? ముందు వరుసలో భీమవరం నుంచి వచ్చిన అంకుల్ గారు మెడ చాచి చూస్తున్నారు. నేను తడుముకుని, "వారి దేశంలో దేవుని తర్వాత దేవుడిచ్చిన ఆరోగ్యానికే పెద్దపీట" అన్నాను. ఆమెన్ ఇంకా గట్టిగా వచ్చింది. ఆ ఆమెన్ నన్ను పాడుచేసింది.

ఎందుకంటే ఆయన అసలు విషయానికి అప్పుడే వచ్చాడు. "అందుకని అడుగుతున్నాను. ఒంటిగంటకు హాలు ఖాళీ చేయండి. పోయిన నెల మేము మూడింటికి ఆట మొదలుపెట్టాం. నేల జిడ్డుగా ఉంది, ఒక అమ్మాయి జారిపడింది. తల్లిదండ్రులు పిల్లల్ని మానిపిస్తున్నారు. ఇలాగే సాగితే ఈ జట్టు ఉండదు. ఇక్కడ మాకు మిగిలింది ఈ ఒక్క గంటే."

అప్పటిదాకా కళ్ళు తుడుచుకుంటున్న జనంతో, మీ బిర్యానీ నూనె మీద ఒక పిల్ల జారిపడిందని ఏ నోటితో చెప్పను? అతిథిగా వచ్చిన మనిషి మమ్మల్ని పొమ్మంటున్నాడని ఎలా అనను? నాన్న చెప్పినట్టు, జనం ఏం పట్టుకెళ్ళాలో చూసుకున్నాను. "ఈ పిల్లలు చెదిరిపోకుండా మన ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోమని ఈ పెద్దాయన కన్నీటితో వేడుకుంటున్నారు" అన్నాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అయ్యగారు వెంటనే ఆ జట్టు కోసం ప్రార్థన మొదలుపెట్టారు. అది అరగంట సాగింది. కారిడార్‌లో ఆ జట్టు బంతులతో నిలబడి ఉంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో మా పన్నెండేళ్ళ కూతురు అంది, "అమ్మా, దట్స్ నాట్ వాట్ హి సెడ్."

"భావం చెప్పానే" అన్నాను.

"హి వాంటెడ్ ద జిమ్."

నేను రేడియో పెట్టాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ జట్టు కోసం ప్రత్యేక ప్రార్థన చేరింది. దానివల్ల మాకు మరో పావుగంట ఆలస్యం. మేము ప్రార్థించేకొద్దీ కారిడార్‌లో పిల్లలు తగ్గారు. మొదట పన్నెండుమంది ఉండేవారు. వానలు పడే రోజుల్లో ఎనిమిది, మంచు మొదలయ్యాక అయిదు. మా అమ్మాయి భోజనం మానేసి వాళ్ళతో నిలబడేది. హాలు దొరికినప్పుడు ఆ పెద్దాయన దానికి బంతి వేయడం నేర్పేవాడు. అందుకు నేను సంతోషించాను, అంతటితో లెక్క సరిపోయినట్టు.

చివరికి ఒకరోజు గుండె దిటవు చేసుకుని అయ్యగారితో విడిగా చెప్పాను. "అయ్యగారూ, ఆ రోజు ఆయన అడిగింది ప్రార్థన కాదండి. ఒంటిగంటకి ఖాళీ చేయమన్నారు."

అయ్యగారు శాంతంగా నవ్వారు. ఆయనకు మిగతా వారమంతా డౌన్‌టౌన్‌లో ప్రాజెక్టు మేనేజరు ఉద్యోగం, రోజుకు నాలుగు మీటింగులు ఇంగ్లీషులో నడుపుతారు. "నేనూ అక్కడే కూర్చుని విన్నానమ్మా. ఇంగ్లీషులో ఏదో టైము గురించి అన్నారు నిజమే. కానీ తెలుగులో వచ్చిందే ఆత్మ నడిపింపు. మీరు తగ్గించుకోకండి."

మరోసారి సంఘం ముందు చెప్పాలనుకున్నాను. ఆ వారమే భీమవరం అంకుల్ గారు నా తర్జుమా వీడియో వాట్సాప్‌లో ఊరంతా పంపానని చెప్పారు. "మీ నాన్నగారి గొంతే తల్లీ" అన్నారు. నేను చెప్పలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మెప్పు నాకు తియ్యగానే ఉంది, అందుకే నా మీద నాకు కోపం.

మార్చిలో హాలు కమిటీ నుంచి ఈమెయిలు వచ్చింది. ఆటగాళ్ళు చాలక బాస్కెట్‌బాల్ జట్టును మూసేస్తున్నామని, ఇకమీదట హాలును సాయంత్రం నాలుగు దాకా వాడుకోవచ్చని. అయ్యగారు దాన్ని పుల్పిట్టు మీద చదివి వినిపించారు. మనం ఒక విధంగా అడిగితే ప్రభువు మరో విధంగా ఇచ్చాడన్నారు. స్తోత్రం అన్నారు అందరూ. పెద్దాయనను సన్మానించాలని కూడా అక్కడికక్కడే తీర్మానించారు.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చాడు. భుజాల మీద శాలువా కప్పారు. పొడుగువల్ల ఇద్దరు కుర్చీ ఎక్కి కప్పవలసి వచ్చింది. రెండు మాటలు మాట్లాడమని అడిగారు. నేను పక్కన నిలబడ్డాను.

"నేను మిమ్మల్ని ఒక గంట అడిగాను" అన్నాడు. "ఎవరూ లేదనలేదు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. గంట మాత్రం ఇవ్వలేదు. యుద్ధాన్ని తట్టుకున్న ఆట ఇక్కడ మీ మర్యాదను తట్టుకోలేకపోయింది."

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమెన్ రాలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరుసలోంచి అంకుల్ గారు నెమ్మదిగా అన్నారు, "సిస్టరు గారూ, ఆఖరి మాట మీరు సరిగా తిప్పలేదేమో చూసుకోండి. అంత పెద్దమనిషి అలాగంటారా?" నలుగురైదుగురు తలలూపారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు.

నేను ఆయన వెంట కారిడార్‌లోకి పరుగెత్తాను. శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. మొదటిరోజు నేను చెప్పింది ఆయన అన్నది కాదని, తప్పు నాదేనని ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను.

"తెలుసు" అన్నాడు. "మీ అమ్మాయి మొదటి నెలలోనే చెప్పింది."

మరి వచ్చి ఎందుకు అడగలేదని అన్నాను.

"నువ్వే సరిచేస్తావనుకున్నాను. పన్నెండుమంది ఉన్నప్పుడు అనుకున్నాను. అయిదుగురు ఉన్నప్పుడు కూడా అనుకున్నాను."

లోపల అయ్యగారు మైకులో నా పేరు పిలుస్తున్నారు, ఆయన జట్టు కోసం ముగింపు ప్రార్థన నన్ను చేయమని.