దద్దుర్లు లేని చెయ్యి

ఆ రోజు ఇశ్రాయేలు మలక్‌పేటకు వచ్చింది ఉయ్యాలకు దోమతెర కట్టడానికి. మూడు వారాలుగా పుట్టింట్లో ఉంటున్న భార్యను పంపమని అడగలేదు, గొంతు పెంచలేదు. సైకిలు గోడకు ఆనించి, సంచిలోంచి తెల్లటి వలగుడ్డ తీసి, నాలుగు మూలలూ పురికొసతో దూలానికి బిగించాడు. లోపల నిద్రపోతున్న కొడుకు కాళ్లకు తగలకుండా అంచులు బొంత కిందికి దోపాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు.

పంచలో బియ్యం ఏరుతున్న అత్త ఆగమ్మకు ఇవేవీ కనిపించలేదు. ఆమె చూపంతా అతని చొక్కా మీదే ఉంది. ఎండ పెళపెళలాడుతుంటే పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు కూడా పెట్టి ఉన్నాయి.

"చెయ్యి చూపియ్యి అల్లుడా," అంది.

"ఎన్నిసార్లు చూస్తవ్ అత్తమ్మా? గది నా చెయ్యే, యాడికి పోతది," అని నవ్వి సైకిలెక్కాడు.

చూపించలేదంటే దాస్తున్నాడనే ఆగమ్మ అనుకుంది. అతను సందు మలుపు తిరిగేదాకా ఆ ఎడమ చొక్కా చేతినే చూస్తూ కూర్చుంది.

మొదటి నుంచీ ఆమెకు అల్లుడి మీద అనుమానమే. చెడ్డవాడని కాదు. కల్లు కాంపౌండు మొహం చూడడు. ఆదివారం తప్పకుండా గుడికొస్తాడు, పాటల్లో గొంతు కలుపుతాడు. చిరిగిన బట్ట కనిపిస్తే సూదీదారం తీసి తనే కుట్టేస్తాడు. అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వుతాడు, అంతే. ఆ నవ్వు ఆగమ్మకు పడేది కాదు. మెదక్ దిక్కు ఏదో పల్లె నుంచి చిన్నప్పుడే మిషన్ హాస్టల్‌కు వచ్చాడు. తల్లిదండ్రుల సంగతి అడిగితే, "లేరు అత్తమ్మా," అని అప్పుడూ నవ్వాడు.

ఆగమ్మ మిషన్ వాళ్ల కుష్ఠు దవాఖానలో ఇరవై ఏళ్లు ఆయాగా చేసిన మనిషి. అక్కడ నేర్చుకున్న విద్య ఆమె కళ్లను వదల్లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల చెవి తమ్మెలు చూసేది, కనుబొమలు చూసేది. అలాంటి మనిషికి, కూతురు రాహేలు పెళ్లయిన నాలుగో నెలలో, కిషన్‌బాగ్‌లో అల్లుడి ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే, అతని ఎడమ ముంజేతి మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, మోచేతి నుంచి మణికట్టు దాకా.

"ఏంది బిడ్డా గవి?"

"ఏం లే అత్తమ్మా. దోమలు."

"దోమలు ఒక్క చెయ్యినే ఏరుకుని కుడతయా?"

అతను నవ్వి మజ్జిగ పోసుకున్నాడు.

పెద్దరోగం మచ్చలకు స్పర్శ ఉండదని ఆగమ్మకు తెలుసు. మర్నాడు చాయ్ పోసి, పొగలు కక్కే గ్లాసు ఇవ్వబోతున్నట్టే తెచ్చి సరిగ్గా ఆ మచ్చల మీద ఆనించింది. ఇశ్రాయేలు "అమ్మో" అని ఎగిరి గంతేశాడు. సగం చాయ్ అతని లుంగీ మీద, సగం ఆమె చీర మీద పడింది.

"కాలిందా?" అంది ఆశగా.

"కాలదా మరి!"

"దేవునికి స్తోత్రం," అంది ఆగమ్మ. లోపలి నుంచి వచ్చిన రాహేలు తల పట్టుకుంది. "అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా?"

పెద్దరోగం కాదని తేలింది. మరి ఏమిటన్నది తేలలేదు. అల్లుడి నౌకరీ దోమల ఆఫీసులో అని తెలుసు కానీ, అక్కడ కూర్చుని ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. పోలీసు యాక్షన్ అయి నాలుగైదేళ్లయింది. ఊరంతా ఇల్లిల్లూ తిరిగి గోడలకు డీడీటీ కొడుతున్నారు. అందరిలాగే ఇతనూ భుజాన డబ్బా వేసుకుని మందు కొడతాడనుకున్నారు. కానీ మందు కొట్టేవాడి బట్టలు మందు వాసన కొట్టాలి. ఇతని బట్టలకు ఏ వాసనా లేదు. పక్కింటి సత్తెమ్మ, "ఎవతెన్నో పెట్టుకున్నడేమో, గవి గోటి గీతలు గావచ్చు," అని ఇంకో పుల్ల వేసింది.

ఆగమ్మ ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వంకతో శాలిబండ దగ్గరి ఆ ఆఫీసుకు పోయింది. ఏదో నవాబుగారి పాత దేవిడీ అది. వెనక గుర్రాలశాలను మూడు గదులు చేశారు. కిటికీలకు సన్నటి జల్లెడ, గుమ్మాలకు రెండేసి తలుపులు. రెండు తలుపులూ తోసుకుని లోపలికి పోయిన ఆగమ్మ అక్కడే నిలబడిపోయింది.

బల్ల మీద చెక్క చట్రానికి చుట్టూ వల బిగించిన పెట్టె ఉంది. దాని ముందు వైపు చొక్కా చేతిలాంటి గుడ్డ గొట్టం కుట్టి ఉంది. ఇశ్రాయేలు స్టూలు మీద కూర్చుని, మోచేతి దాకా ఆ గొట్టంలోంచి పెట్టెలోకి చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. చెయ్యి నల్లగా ఉంది, నిండా దోమలు. కడుపులు ఎర్రగా ఉబ్బిన కొన్ని బరువుగా లేచి వలకు అతుక్కుంటున్నాయి.

ఆమె కేకకు ఆఫీసరు అనంతపద్మనాభం పరుగున వచ్చాడు. సన్నగా, నుదుట నామంతో, చేతిలో భూతద్దంతో ఉన్నాడు.

"భయపడకమ్మా. ఇవి రోగం లేని దోమలు. గుడ్డు నుంచి ఇక్కడే పెంచినవి."

"రోగం లేదని గవి చెప్పినయా సార్?"

ఆయన ఓపికగానే చెప్పాడు. మట్టిగోడ మీద కొట్టిన మందు ఎన్నాళ్లు పనిచేస్తుంది, డంగుసున్నం గోడ మీద ఎన్నాళ్లు పనిచేస్తుంది, అది తేల్చాలి. తేల్చాలంటే ఆ గోడల మీదికి దోమలను వదిలి, ఎన్ని చచ్చాయో చూడాలి. రోజూ అన్నేసి దోమలు కావాలంటే అవి గుడ్లు పెట్టాలి, ఆడదోమ నెత్తురు తాగితే గాని గుడ్లు పెట్టదు. కుందేలును పెట్టి చూశారు, సరిగా తాగలేదు.

"ఆడయే కుడతయా? మరి మగయి ఏం తింటయి?"

"చక్కెర నీళ్లు."

"మగోళ్లకు చక్కెర, ఆడోళ్లకు నెత్తురా! మా ఇండ్లల్ల ఉల్టా నడుస్తది సార్," అని, అల్లుడి వైపు తిరిగి, "లే ముందు! గా చెయ్యి ఇవతలికి తియ్యి!" అని లొల్లి చేసింది. పక్క గదిలోంచి తొంగిచూసిన కుర్ర అటెండరు భిక్షపతి నవ్వాపుకోలేక మళ్లీ లోపలికి పోయాడు.

ఇంటికొచ్చాక ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఇయ్యాల రోగం లేని దోమే కావచ్చు, రేపు ఒక్కటి బయటిది దూరితే? చలిజ్వరమో, బోదకాలో పట్టుకుంటే? రేపు బిడ్డ పుడితే, వాడికంటుకుంటే?

"దేనికి నీకీ కర్మ? ఇంక ఏ నౌకరీ దొరకలేదా?"

"మా ఊర్ల అన్ని మట్టిగోడలే అత్తమ్మా," అన్నాడు ఇశ్రాయేలు.

ఆ మాటకు అర్థమేమిటో ఆమె అడగలేదు. "నేనడిగింది గోడల ముచ్చట కాదు. నీ నెత్తురు ముచ్చట. మానేస్తవా లేదా?"

అతను నవ్వాడు.

ఆ రోజు నుంచి ఆగమ్మ వారానికొకసారి కిషన్‌బాగ్ వచ్చేది. చేతిలో పచ్చడి సీసా ఉన్నా, కళ్లు మాత్రం అల్లుడి చెయ్యి మీదే. ఇశ్రాయేలు కూడా అడగకముందే చొక్కా పైకి లాగి చూపించేవాడు. కొన్నాళ్లు మచ్చలు అలాగే ఉన్నాయి. మెల్లగా తగ్గాయి. ఏడాది గడిచేసరికి ఒక్కటీ లేదు. చెయ్యి నున్నగా, కొబ్బరినూనె రాసినట్టు ఉంది. ఆగమ్మ గుడిలో అందరి ముందూ లేచి నిలబడి, నా అల్లుడు నా మాట విన్నాడని కృతజ్ఞత చెప్పింది. వెనక వరసలో ఇశ్రాయేలు తల వంచుకుని కూర్చున్నాడు. మానేశానని అతను ఎప్పుడూ అనలేదు. చెయ్యి కళ్లెదుట ఉండగా నోటితో చెప్పించుకోవాల్సిన పని ఆమెకు కనిపించలేదు.

ఇంటి దోమల్ని మాత్రం అతను అందరిలాగే ఫట్‌మని కొట్టేవాడు. "పాపం, నీ చుట్టాలు గదా," అని రాహేలు ఏడిపిస్తే, "గవి ఆఫీసువి, ఇవి బజారువి," అనేవాడు.

రాహేలుకు కొడుకు పుట్టాడు. పురిటి స్నానం నాడు పసివాణ్ని రెండు చేతుల్లో పట్టుకుని ఇశ్రాయేలు చాలాసేపు కూర్చున్నాడు. ఆ మరుసటి వారం ఆఫీసులో పని మార్పించుకున్నాడు. పాతబస్తీ బావులు, హౌజులు తిరిగి, పొడుగు కర్రకు కట్టిన గరిటెతో నీళ్లు ముంచి, దోమ పిల్లలున్నాయేమో చూసి రావాలి. ఎందుకు మారావని రాహేలు అడిగితే, "బయటి పని జర మంచిగుంటది," అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. తల్లీకూతుళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

పిల్లవాడు బోర్లపడే వయసు దాటి పాకుతున్నాడు. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం ఆగమ్మ కిషన్‌బాగ్‌లో ఉండగానే ఇశ్రాయేలు ఇంటికొచ్చాడు. చొక్కా విప్పి దండెం మీద వేస్తుంటే ఆమె చూసింది. ఎడమ ముంజెయ్యి బూరెలా పొంగింది. మచ్చల మధ్య ఖాళీ చర్మం లేదు. మొదట్లో కూడా ఎప్పుడూ అంత లేదు.

"మళ్లీ పెట్టినవ్," అంది ఆగమ్మ.

"ఒక్కనాడే అత్తమ్మా. నిన్న భిక్షపతికి జరం. పెట్టేటోడు లేకుంటే అన్నీ పోతయని సార్ పరేషాన్ అయిండు."

"ఒక్కనాటికే గింత ఉబ్బుతదా?"

"ఒక్కనాడే."

"అప్పట్ల రోజూ పెట్టినప్పుడు గూడ గింత లేకుండె. నేను చూడలేదా నీ చెయ్యి? ఎన్ని దినాలైంది చెప్పు? బావుల పని బావుల పని అని, గా గుర్రాల దొడ్లెనే కూసుంటున్నవా? బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు, ఒక్కనాడేనా?"

ఇశ్రాయేలు పాకుతున్న కొడుకును ఎత్తుకుని, వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఒక్కనాడే," అన్నాడు.

"మరి గింత ఎట్లయింది?"

అతను ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. రాహేలు వైపు చూశాడు, అత్త వైపు చూశాడు, మళ్లీ మూసుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆ మూసుకున్న నోరే ఆగమ్మకు సాక్ష్యమైంది. పసివాడి నెత్తి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడినవాడి దగ్గర నా కూతుర్ని ఉంచనంది. రాహేలు ఏడుస్తూనే బట్టలు సర్దుకుంది. ఆమె భయం మొగుడి అబద్ధం గురించి కాదు, పిల్లవాడికి ఏ జ్వరమొస్తుందోనని. "నిజం చెప్తే ఉంటుంటి గదా," అంది గుమ్మంలో. "చెప్పిన గదా," అన్నాడు ఇశ్రాయేలు.

మూడు వారాల తర్వాత అతను మలక్‌పేట వచ్చి తెర కట్టి, నీళ్లు తాగి వెళ్లాడు. ఆ మర్నాడు బహదూర్‌పురాలో ఒక పాత మెట్లబావిలో నీళ్లు ముంచబోయి, పాచి పట్టిన మెట్టు మీద కాలు జారాడు. తల రాతికి తగిలింది. మనుషులు తాళ్లేసుకుని దిగేసరికే ప్రాణం లేదు.

శవపెట్టెలో పెట్టేముందు కొత్త చొక్కా తొడిగింది ఆగమ్మే. అప్పుడు కూడా చూసింది. ఎడమ చెయ్యి శుభ్రంగా ఉంది, చిన్న చుక్క కూడా లేదు. రాహేలును దగ్గరికి తీసుకుని, "ఆఖరికి నా మాట విన్నడు బిడ్డా. మనం వచ్చినంక మానేసిండు," అని చెవిలో చెప్పింది. ఓదార్చడానికి ఆమె దగ్గర ఆ ఒక్క మాటే ఉంది. వచ్చిన ప్రతి చుట్టానికీ అదే చెప్పింది.

ఆ ఏడు క్రిస్మస్ నాడు భిక్షపతి పిల్లవాడికి గిలక్కాయ, అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. పాయసం గిన్నె ఇస్తూ ఆగమ్మ అలవాటుకొద్దీ అతని చేతులు చూసింది. రెండూ నున్నగా ఉన్నాయి.

"నువ్వు గూడ మానేసినవా అయ్యా? మంచి పని చేసినవ్."

"మానుడేంది పెద్దమ్మా? పొద్దుగాల పెట్టే వచ్చిన. పండుగని దోమలకు చెప్తే వింటయా?"

"మరి మచ్చలేవి?"

"రోజూ పెట్టేటోనికి రావు పెద్దమ్మా. మొదట్ల వస్తయి, మస్తు దురద పెడతయి. ఏడాదో, జర ఎక్కువో పెడితే పెయ్యికి అలవాటైపోతది, ఇగ ఏం లేవయి. నడుమ మానేసి మళ్లీ పెట్టినోనికే లేస్తయి, ముందటికన్న జాస్తిగ." భిక్షపతి పాయసం జుర్రుకుని, మూతి తుడుచుకున్నాడు. "ఇశ్రాయేలన్న బాబు పుట్టేదాక రోజూ పెట్టిండు గదా, ఒక్క చుక్కన్న ఉండెనా? పుట్టిన వారానికే మానేసిండు. మళ్ల నాకు జరమొచ్చిన నాడు ఒక్కసారి పెట్టిండు, చెయ్యంత బూరె లెక్క లేసింది. నేను మస్తు నవ్విన. అన్న నవ్వలే. చెయ్యి దిక్కే చూసుకుంట, 'ఇంట్ల ఏమని చెప్పాల్రా భిక్షపతీ' అన్నడు."