మీటరు కురచైన చీర

2018ల నేను నల్లగొండల చిన్న ఆఫీసు పెట్టుకొని వెబ్ పేజీలు తయారుచేస్తుంటి. దగ్గరి ఊరి చేనేత సంఘపోళ్లు ఒక పని చెప్పిన్రు. ఎన్ని చీరలు నేస్తరో ఫోన్‌ల కొడితే, పడుగుకు, అంటే నిలువు దారానికి, ఎన్ని మీటర్లు కావాల్నో చూపియ్యాలె. పట్టుచీరకు, నూలుచీరకు, చున్నీకి వేర్వేరు పేజీలు.

ఇసొంటి లెక్కకు వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ భాషల ఫంక్షన్ రాస్తరు. లెక్కకు ఒక పేరు పెట్టి ఒక్కసారి రాసుకుంటే, కావల్సిన కాడల్లా ఆ పేరుతోని పిలుచుకోవచ్చు. అంకెలు ఇస్తే జవాబిస్తది. నాకు తెల్వక కాదు, తొందరల, పొడుగు అంకె మాత్రం మార్చి అదే లెక్కను మూడు పేజీలల్ల అతికించిన.

తర్వాత సంఘం పెద్దమనిషి ఫోన్ చేసి, మగ్గానికి కట్టేటందుకు రెండు కొనలకు కలిపి ఒక మీటరు ఎక్కువ పెట్టమన్నడు. రెండు పేజీలల్ల పెట్టిన. నూలుచీరది మర్చిపోయిన.

కొన్నాళ్లకు సత్తెమ్మవ్వ రమ్మన్నదని కబురొచ్చింది. ఆ సంఘంల అరవై దాటిన నేతామె. తిడ్తదనుకుంట బస్సెక్కిన. ఆమె చాయ్ ఇచ్చి, మగ్గం మీదున్న చివరి నూలుచీర చూపించింది. మీటరు నేత మిగిలుండంగనే పడుగు అయిపోయింది.

"నా నోటిలెక్కకు మీటరు ఎక్కువే వచ్చింది బిడ్డా. చదువుకున్నదానివి, నీదే కరెక్టనుకున్న," అన్నది.

తిట్టినా అంత బాధ కాకపోవు. నలభై ఏండ్ల లెక్కను నా మీది నమ్మకంతోని పక్కకు పెట్టింది.

మూడు జాగాలల్ల రాసి ఒక్క కాడ మీటరు కలపుడు మర్చిపోయిన్నని ఆమెకు చెప్పిన. అక్కడనే ల్యాప్‌టాప్ తీసి, మూడు లెక్కలు కొట్టేసి ఒక్క ఫంక్షన్ రాసిన.

"ఇప్పుడు ఎన్ని జాగాలల్ల రాసినవ్?"

"ఒక్క జాగాలనే అవ్వా. మూడు పేజీలు దాన్నే పిలుస్తయ్."

ఆమె ఫోన్ తీసుకొని ఒకసారి ఒకటి, ఇంకోసారి ఐదు కొట్టి, వేళ్ల మీద సరిచూసుకున్నది. తర్వాత సున్నా కొట్టింది. ఒక మీటరని వచ్చింది.

"చీరలే లేనప్పుడు మీటరు పడుగెందుకు?" అన్నది.

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ అయింది. ఒక్క కాడ సరిచేసిన. ఆమె మూడు పేజీలు తెరిచి మూడింట్ల సున్నా కొట్టి చూసినంకనే ఫోన్ కింద పెట్టింది. కురచ చీరను కోసి మనుమరాండ్లకు రెండు చున్నీలు చేస్తనన్నది.

అప్పటి సంది ఏ పని ఒప్పుకున్నా, ఆ పని చేతులతోని చేసేటోళ్లనే ముందు లెక్క చెప్పమంట. వాళ్ల జవాబు, నా ఫంక్షన్ జవాబు కలవకపోతే, ముందుగాల నాదాన్నే అనుమానిస్త.