టేపు తిరిగిన చప్పుడు

"రాసింది చదివి చూసుకోవాల మరియమ్మా, మర్చిపోకు."

"అలాగేనండి. ఆ టిఫిను డబ్బా మూత ఊడిపోతాది బాబూ, నిలబెట్టి ఉంచండి."

దుర్గ్ స్టేషన్‌లో బండి కదులుతుంటే జోగారావు గారూ నేనూ అనుకున్న ఆఖరి మాటలివి. ఉద్యోగం అయిపోయి ఆయన విజయనగరం వెళ్లిపోతున్నారు. ఇంటి దగ్గర నుంచి నేను మోసుకెళ్లిన మాట వేరే ఉంది. అది చెప్పకుండా డబ్బా మూత గురించి మాట్లాడి వచ్చాను. ఈ రోజు పొద్దున మా చెల్లెలి కూతురు సుజాత కుట్టుమిషను మీద కండెకు దారం చుడుతోంది. కిర్రున తిరిగి, ఆగి, మళ్లీ కిర్రుమంది. బియ్యం చేట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏటయ్యింది పెద్దమ్మా, తబియత్ బాగానేదా?" అంది. "కాగితం తే. నాను చెప్తాను, నువ్వు రాయి" అన్నాను.

మా ఆయన పోయాక, ఉక్కు కర్మాగారం పక్కన క్యాంప్ 2 అనే కూలీల బస్తీలో ఉండే నేను ఒక కాంట్రాక్టు ఆఫీసులో కంప్యూటర్ గది ఊడవడానికి కుదిరాను. జోగారావు గారు ఆ గదికి పెద్ద. కూలీల హాజరీ అంతా ఆ కంప్యూటర్లో ఉండేది. అది పాడైనా హాజరీ మిగలాలని రోజూ సాయంత్రం టేపు మీదకు ఎక్కించేవారు. టేపు పెట్టడం, తీయడం నా పని. చదువు రాని దాన్ని, ఆ చల్లటి గదిలో ఊపిరి పీల్చాలన్నా భయమేసేది. ఆయన మాత్రం అడిగిందానికల్లా ఓపికగా చెప్పేవారు. ఒకసారి తెర మీద వరసగా ఏవో కనిపిస్తే ఏమిటని అడిగాను.

"యంత్రాల పేర్లు. టేపుకొకటి, ప్రింటరుకొకటి. చూస్తే ఫైళ్లే, కానీ లోపల ఏటీ ఉండదు. ఇది గది కాదు మరియమ్మా, గుమ్మం. దీన్లోకి ఏది పంపినా అవతలున్న యంత్రానికి పోతాది."

"మరి మామూలు ఫైలండి?"

"అది గది. వేసింది అక్కడే పడుంటాది. వరస మొదట్లో విరిగిన చేతిగాజు ముక్కలా ఉంది సూడు, అది 'సి' అక్షరం. అదుంటే టేపు గుమ్మం. ఉత్త గీత ఉంటే మామూలు ఫైలు." నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు అక్షరం అదే. గాజులు తీసేసిన చేతులు నావి, ఆ ముక్కను ఎలా మర్చిపోతాను?

కొన్నాళ్లకు కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు. జోగారావు గారు సెలవులో ఉన్నప్పుడు కంప్యూటర్‌ని శుభ్రం చేస్తానని కూర్చున్నాడు. ఆ సాయంత్రం నేను టేపు పెట్టాను. తెర మీద పని అయిపోయిందని వచ్చింది, టేపు మాత్రం కిక్కురుమనలేదు. "తిరగడం నేదండి" అన్నాను. "అరే అమ్మా, ఓకే ఆ గయా, తెర మీద వచ్చేసింది. నీ చెవులు చూపించుకో" అని నవ్వాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాలుగోనాడు కంప్యూటరే ఆగిపోయింది. ఊడ్చేటప్పుడు నేను తీగ లాగేశానని, నా గేటు పాసు తీసేయమని కాంట్రాక్టరుకి కాగితం రాశాడు. ఆ పని పోతే నాకు ఇంకో గుమ్మం లేదు.

జోగారావు గారు వచ్చి తీగలు చూడలేదు. నన్ను పిలిచి అడిగారు. "నువ్వేటి విన్నావు?"

"ఏటీ వినలేదండి. అదే నా గోల. మూడ్రోజుల కాడి నుంచి టేపు తిరగడం నేదు."

ఆయన తెర మీద ఆ వరస తెచ్చి నా వైపు తిప్పారు. టేపు పేరు ఉందని వేలు పెట్టి చూపించారు. మొదట్లో గాజుముక్క లేదు, గీత ఉంది. "ఆ పేరుతో ముందున్నది ఖాళీగా ఉందని కచరా అనుకుని తీసేశాను సార్" అన్నాడు ఇంజనీరు, తల దించుకుని. రాయమన్న పేరు కనపడకపోతే కంప్యూటర్ అదే పేరుతో మామూలు ఫైలు పుట్టించుకుంటుందట. టేపు మీదకు పోవాల్సిందంతా అందులోనే పడి, చోటంతా నిండిపోయి కంప్యూటర్ ఆగిపోయింది.

ఆయన ఆ ఫైలు తీసేసి, గుమ్మాన్ని మళ్లీ నిలబెట్టే మాట, ఎమ్‌కెనాడ్ అని కొట్టి, టేపు పేరు, సి, తరవాత రెండు అంకెలు వేశారు. "సెక్టారు క్వార్టర్ల చిరునామాలాగే. మొదటి అంకె వీధి, రెండోది ఇంటి నంబరు. తప్పు కొడితే వేరే వాళ్లింట్లో పడతావు." ఎంటర్ నన్నే నొక్కమన్నారు. చెయ్యి కొంగుకు తుడుచుకున్నాను. "నొక్కవే తల్లీ, కరవదు" అన్నారు. తరవాత హాజరీ మళ్లీ పంపారు. కిర్రుమని టేపు తిరిగింది. నేను ముక్కు చీదుకుంటూ గోడ వైపు తిరిగాను.

నేను వెళ్లబోతే ఆపారు. "అయిపోనేదు. తిరిగింది గదా అని నమ్మీకూడదు." టేపుని వెనక్కి చుట్టి, రాసినదంతా మళ్లీ చదివించారు. పేర్లు ఒక్కొక్కటే తెర మీద పైకి వెళ్లాయి. ఆ రోజు నుంచి రిజిస్టరులో, చదివి చూశామని రాసే గడిలో గుర్తు పెట్టడం నా పని అయింది. అందరూ సంతకం చేసేవారు. నేను గాజుముక్క గీసేదాన్ని.

మా ఆయన పోయాక నా మాట నిజమని నమ్మిన మొదటి మనిషి ఆయన. స్టేషన్లో చెప్పాలనుకున్నది ఒక్కటే మాట. ఉండిపోండి. ఆ మాట అనడానికి నేను ఆయనకు ఏమవుతానని ఆగిపోయాను. పోయిన వానాకాలంలో ఆయన లేరని కబురొచ్చింది. నా ఫోనులో ఆయన పేరు ఇంకా ఉంది. నొక్కితే ఆ నంబరు లేదంటుంది. రోజూ ప్రార్థన అయ్యాక ఆయనతో నాలుగు ముక్కలు మాట్లాడుతూనే ఉన్నాను. అవతల ఏమీ తిరిగిన చప్పుడు రాదు. అన్నదంతా నాలోనే పడుంటోంది, చోటు నిండిపోతోంది. అందుకే ఇవాళ నీ చేత రాయిస్తున్నాను సుజాతా.

"పెద్దమ్మా, బస్. చెయ్యి నొప్పెడతాంది."

అయిపోయిందిలేవే. 'ఉండిపోండి' అన్నది రాశావా? సరే, ఆ కాగితాలు వరసగా పెట్టు. ఆ కండెను పక్కన పెట్టు. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు.