ముసుగుకు కుట్టిన కాజాలు

నా చేతులంటే నాకే రోత పుట్టిన రోజు ఒకటుంది. అది షార్జాలో, అల్ నహ్దాలో, మా అమ్మాయి ఫ్లాటులో, కిటికీ పక్కన నా కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు.

నేను మొదట దుబాయ్ వచ్చింది ఇళ్ళలో పనికి. మోకాళ్ళు మొరాయించాక అది మానేసి, మా అమ్మాయి దగ్గరే ఉంటూ బిల్డింగులో ఆడవాళ్ళకి జాకెట్లు కుడుతున్నాను. నా చదువు మూడో తరగతిలో ఆగింది గానీ గుడ్డ సంగతి నాకు తెలుసు. పేలిక కూడా పారేయను. కరోనా వచ్చిన ఏడాది ఆ పేలికలతోనే మాస్కులు కుట్టి పంచాను. కింద లాబీలో కూర్చునే సెక్యూరిటీ అమ్మాయిది ఉగాండా. పూల జాకెట్టు ముక్కతో తనకొకటి కుట్టి ఇస్తే, కంపెనీ మాస్కు కింద దాన్ని వేసుకునేది. అప్పటి నుంచి నన్ను ‘మామా’ అంటుంది. నా సంచులు లాక్కుని లిఫ్టు దాకా మోస్తుంది.

మాస్కులు పోయాక ఒక అక్టోబరులో, మా పై అంతస్తు ఆవిడ తెల్ల పాప్లిన్ గుడ్డ పట్టుకొచ్చింది. ఆవిడదీ గోదావరి జిల్లాయే. నాకు వచ్చే బేరాల్లో సగం ఆవిడ చెబితే వచ్చినవే.

“పిన్నిగారూ, మావాడికి దెయ్యం వేషం కావాలండీ. నెలాఖర్న కింద హాల్లో పార్టీ. పిల్లలంతా వేషాలేస్తారు. ఇదిగోండి ఫోటో.”

ఫోటోలో నేల దాకా తెల్ల అంగీ. నెత్తిన కొనదేలిన పొడవాటి టోపీ. అదే మొహం మీదుగా గుండెల దాకా దిగింది. కళ్ళ దగ్గర రెండు బొక్కలు.

“కాలేజీకెళ్ళే వాడికి దెయ్యం వేషమేంటమ్మా? రేపో మాపో పెళ్ళి చేయాల్సినోడికి!”

“మీరు మరీనూ! సరదా అండీ.”

కుట్టాను. టోపీ నిలబడటానికి లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టాను. బొక్కల అంచులు పీచులేస్తాయని చుట్టూ కాజా కుట్టాను, చేత్తో, దగ్గర దగ్గరగా. పెళ్ళికొడుకు షేర్వానీకి కూడా అంత శ్రద్ధగా కుట్టి ఉండను.

మా మనవరాలు పన్నెండో తరగతి. బడి నుంచి వచ్చి, హ్యాంగరుకి వేలాడుతున్న దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అమ్మమ్మా, ఇదెందుకు కుట్టావు?”

“పైవాళ్ళ కుర్రాడికే. దెయ్యం వేషం.”

“దెయ్యం కాదు అమ్మమ్మా ఇది. మనుషుల్ని చంపినోళ్ళ డ్రెస్సు.”

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. అమెరికాలో బానిసలుగా ఉన్న నల్లవాళ్ళకి స్వేచ్ఛ వచ్చాక, అది గిట్టని తెల్లవాళ్ళు గుంపులు కట్టారట. గుర్రాల మీద వాళ్ళ గుడిసెల మీదికి పోయి కొట్టేవాళ్ళట, ఉరి తీసేవాళ్ళట. మొదట్లో ఈ అంగీ లేదట. ఒకడు గోనెసంచి, ఒకడు పెళ్ళాం గౌను, ఒకడు నెత్తికి కొమ్ములు. యుద్ధంలో చచ్చిన సైనికుల దెయ్యాలమని చెప్పుకునేవాళ్ళట.

“ఆళ్ళు నమ్మారా మరి?”

“చాలామంది నమ్మలేదంట. గుర్రాన్ని చూసో, గొంతు వినో ఎవరో పోల్చుకునేవాళ్ళంట. తెలిసినా పైకి అనలేరు కదా.”

ఆ మాట దగ్గర నా చేతిలో సూది ఆగిపోయింది. నా చిన్నప్పుడు మా పేట మీదికి వచ్చినవాళ్ళు కూడా తువ్వాళ్ళు మొహాలకు చుట్టుకునే వచ్చారు. మా కుర్రాళ్ళు ఇస్త్రీ చొక్కాలేసుకుని వాళ్ళ వీధిలో సైకిలు తొక్కారని వాళ్ళకి కోపం. మా పాకలో కుండలు పగలగొట్టి, మా నాన్న చెయ్యి విరిచారు. తెల్లారి ఒకాయన అదే ఎర్రంచు తువ్వాలు భుజాన వేసుకుని ఊడ్పులకు పిలవడానికి వచ్చాడు. మా అమ్మ తువ్వాలు వంక చూసింది. ఆయన మొహం వంక చూడలేదు. కొంగు బిగించి వెనకాలే నడిచింది.

“మరి ఈ కొనటోపీ ఎక్కడిది?”

“ఆ గుంపు అణిగిపోయిన ఎన్నో ఏళ్ళకి ఒక సినిమాలో వాళ్ళని వీరుల్లా చూపించారంట, తెల్లబట్టల్లో. దాంతో మళ్ళీ గుంపు కట్టారు. ఈసారి అందరికీ ఒకే యూనిఫాం. బొమ్మల పుస్తకంలో చూసి ఆర్డరిస్తే ఫ్యాక్టరీలో కుట్టి పోస్టులో పంపేవాళ్ళంట. నాయకులకి పట్టుబట్ట.”

తెలుపంటే తమ జాతి స్వచ్ఛత అని చెప్పుకున్నారట. తెలుపు! ఇక్కడి మగవాళ్ళు తెల్లటి కందూరా అంగీ మడత నలగకుండా వేసుకుని శుక్రవారం నమాజుకి వెళ్తారు. మా చర్చిలో బాప్తిస్మానికి తెల్లబట్టలే. మా ఆయన్ని పాతిపెట్టిందీ తెల్లగుడ్డలోనే. దాన్ని తీసుకుపోయి వీళ్ళు ఇంత పాడు చేశారు.

ఇంకో సంగతి తట్టింది. ఫ్యాక్టరీ రాకముందు అవి కుట్టిందెవరు? ఇళ్ళల్లో ఆడవాళ్ళే అయ్యుంటారు. ఆ బొక్కల్లోంచి ఎవడు ఎవర్ని చూస్తాడో తెలిసే కత్తెర పెట్టుంటారు. తెల్లారి వాటి మీద మసీ నెత్తురూ ఉతికి ఆరేసి ఉంటారు.

మనవరాలు ఇంకా ఏదో చెప్పలేక నసిగింది. గద్దిస్తే చెప్పింది.

“కింద సెక్యూరిటీ ఆంటీ ముందు ఇది వేసుకుని నిలబడి వీడియో తీస్తారంట. ఆవిడ మొహం ఎలా మారుతుందో చూడాలని ఆ కుర్రాడే మా బిల్డింగు పిల్లల గ్రూపులో పెట్టాడు.”

అంటే వాడికి అన్నీ తెలుసు.

కుట్లన్నీ విప్పేశాను. మర్నాడు పై అంతస్తు ఆవిడ వస్తే, ముక్కలు ఇస్త్రీ చేసి మడతపెట్టి చేతిలో పెట్టాను.

“ఇదేంటండీ? పార్టీ ఎల్లుండే!”

“తలగడ గలీబులు కుట్టించుకో.” ఎందుకో కూడా చెప్పాను.

“అవన్నీ ఇక్కడెవరికి తెలుస్తాయండీ? డోరు దగ్గర కూర్చునేదానికి అంత హిస్టరీ తెలుసా?”

“మీవాడికి తెలుసుగా. చాలు.”

“మీరు కాకపోతే ఆన్‌లైన్లో తెప్పించుకుంటాం. బేరం పోయింది మీకే.”

ఆ వేషం ఇప్పటికీ ఆర్డరిస్తే ఇంటికే వచ్చి పడుతుందన్నమాట. మొహం ముక్క నా బల్ల మీదే వదిలేసి పోబోతుంటే పిలిచి ఇచ్చాను.

“ఇదీ పట్టుకెళ్ళు. మా ఇంట్లో మసిగుడ్డకి కూడా అక్కర్లేదు.”

పార్టీ సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని లాబీలోకి దిగాను. సెక్యూరిటీ అమ్మాయి బల్ల పక్కనే వేసుకుని కూర్చున్నాను. ఇక్కడెందుకు కూర్చున్నానని తను నవ్వింది.

“క్యా హువా, మామా? ఇధర్ క్యూఁ?”

“పైన ఏసీ ఆపేశాను. ఇక్కడ ఫ్రీ,” అన్నాను నాకొచ్చిన హిందీలో.

లిఫ్టులోంచి పిల్లలు పులులూ గబ్బిలాలూ అయి దిగుతున్నారు. అందరినీ పలకరిస్తోంది. అంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. తెల్ల అంగీ, కొనటోపీ. వెనక ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తిన్నగా బల్ల ముందుకొచ్చి నిలబడింది ఆ ఆకారం.

నేను లేచాను.

“ఏరా, పై అంతస్తోడా! ఆ చెప్పులూ నీవే, ఆ నడకా మీ నాన్నదే. గుర్తుపట్టలేననుకున్నావా? మొహం చూపించు!”

లాబీ అంతా ఇటు తిరిగింది. వాడు ముసుగు లాగేశాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుంది. ఫోన్లు దిగిపోయాయి.

సెక్యూరిటీ అమ్మాయి నవ్వు ఎప్పుడో పోయింది. “ముఝే మాలూమ్ హై, మామా, యే క్యా హై,” అంది మెల్లగా. ఇదేంటో తనకి తెలుసట. ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు.

తర్వాత వాడి వైపు తిరిగింది. “విచ్ ఫ్లాట్, సర్?”

రోజూ వాడికి తలుపు తీసేది తనే. అయినా అడిగి, ఎదురుచూసింది. వాడు తలొంచుకుని ఫ్లాటు నంబరు చెప్పాల్సి వచ్చింది.

వాడి చేతిలో వేలాడుతున్న ముసుగు వంక చూశాను. బజారు కుట్టు. కళ్ళ చుట్టూ కాజా లేదు. అప్పుడే పీచులేస్తోంది.