పటానికి తగిలిన కాలు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకునే రోజుల్లో ఒక చిన్న ఆర్ట్ గ్యాలరీలో పార్ట్‌టైమ్ పని చేశాను. అప్పటికి ఊరి నిండా నాలాంటి స్టూడెంట్లే. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే చాలు, రెజ్యూమెలు పట్టుకుని తెలుగువాళ్ళమూ పంజాబీలూ కలిసి తలుపు దగ్గర బారులు తీరేవాళ్ళం. అలాంటి రోజుల్లో వెచ్చటి గదిలో నిలబడే ఉద్యోగం దొరకడమంటే నా పంట పండినట్టే. చేయవలసిందల్లా వచ్చినవాళ్ళను బొమ్మల మీద చేయి వేయనివ్వకపోవడం.

ఆ శీతాకాలం ఒక చర్చి వాళ్ళు తమ పాత తైలవర్ణ చిత్రాన్ని ప్రదర్శనకు ఇచ్చారు. బరోక్ కాలం నాటిది, అంటే మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటిది. చుట్టూ కటిక చీకటి, ఒక్క కొవ్వొత్తి వెలుగు. మంచం మీద చివరి ఘడియల్లో ఉన్న ముసలావిడ నోట్లో, బంగారు అంచు అంగీ తొడుక్కున్న ఫాదర్ తెల్లటి అప్పం పెడుతున్నాడు. దాన్ని చూసినప్పుడల్లా మా అమ్మమ్మ నోట్లో తులసి తీర్థం పోసిన రోజు గుర్తొచ్చేది. ఆ నీళ్ళు ఆవిడ గొంతు దిగలేదు.

ఆ అప్పం, ప్రాణం పోయేముందు ఇచ్చే ప్రసాదమని నాకు చెప్పింది ఆంటీ. రోజూ పొద్దున గ్యాలరీ తుడవడానికి వచ్చే ఫిలిప్పీన్స్ ఆవిడ, క్యాథలిక్. ఆ బొమ్మ ముందు ఆగి శిలువ గుర్తు వేసుకుంటే గానీ ముందుకు కదిలేది కాదు.

ఒక సోమవారం గోడకు రంగు వేయడానికి బొమ్మను దించి, కింద మెత్తటి దిమ్మల మీద నిలబెట్టారు. నేను కుర్చీలు జరుపుతూ వెనక్కి నడిచాను. మడమ ఫ్రేముకు తగిలింది. అంతే, ఆలోచన లేకుండా వంగి, ఫాదర్ అంగీ అంచును మూడు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాను. పుస్తకానికి కాలు తగిలితే చేసే పనే. కళ్ళు తెరిచాక చేసిన పని తెలిసొచ్చింది. చేతికి రాసుకున్న లోషన్ ఇంకా ఆరలేదు.

ఎవరూ చూడలేదు. మర్నాడు మేనేజరమ్మ టార్చి పక్కగా పట్టి చూసి, వార్నిష్ మీద మూడు వేలిముద్రలున్నాయని కనిపెట్టింది. అందరినీ పిలిచి అడిగింది. నేనని చెప్పలేదు. ఆవిడ చూపు నన్ను దాటిపోయి ఆంటీ మీద ఆగింది.

"మీరు రోజూ దీని ముందు ప్రార్థన చేస్తారు కదా?"

"చేస్తాను. ముట్టుకోలేదు."

"రేపటి నుంచి రావద్దు. సంగతి తేలాక పిలుస్తాం."

ఆంటీ నా వైపు చూడనైనా లేదు. నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆవిడకు రాలేదు.

ఇంటికొచ్చి నా రూమ్మేట్‌కు చెప్పాను. వరంగల్ పిల్ల, మనసు మంచిదే. "నువ్వెందుకు చెప్తవ్ అక్కా? వర్క్ పర్మిట్‌కి అప్లై చేసే టైం. ఈ జాబ్ పోతే మళ్ల ఎక్కడ దొరుకుతది? ఆమెను వాళ్లే పిలుస్తరు తియ్" అంది. సరిగ్గా ఆ మాట అనిపించుకోవడానికే చెప్పానని నాకు తెలుసు. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మర్నాడంతా నోరు విప్పలేదు. ఆంటీ లేని గ్యాలరీలో ఆ బొమ్మ వైపు వీపు పెట్టి నిలబడ్డాను.

మూడో రోజు పొద్దున్నే మేనేజరమ్మ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఎందుకు ముట్టుకున్నావంది. చేసి చూపించాను.

"ముద్రలు తుడిస్తే పోతాయి. ముట్టుకున్నందుకైతే క్షమించేదాన్ని. నింద ఇంకొకరి మీదికి పోతుంటే చూస్తూ ఊరుకున్నావు. రేపటి నుంచి రావద్దు" అంది.

న్యాయమే అనిపించింది. అప్పుడే ఆంటీకి ఫోన్ చేసి రమ్మన్నారు. నేను బ్యాగు తగిలించుకుని బయట మంచులో ఆవిడ కోసం నిలబడ్డాను. బస్సు దిగి వచ్చింది.

"సారీ ఆంటీ, ముట్టుకుంది నేనే. జాబ్ తిరిగి వచ్చేసింది కదా" అన్నాను, అదేదో నేనిచ్చినట్టు.

ఆవిడ తలుపు మీద చేయి వేసి ఆగింది.

"పని పోయిందని మా అమ్మాయికి చెప్పాను. 'నిజంగా ముట్టుకున్నావా అమ్మా' అని అడిగింది" అని లోపలికి వెళ్ళిపోయింది.