కృష్ణలో బందరు వాతావరణం

సముద్రపు పోటు ఎన్ని గంటలకు వస్తదో కృష్ణ ఒడ్డున నిలబడి నలభై దినాలు జనానికి చెప్పిన మొనగాన్ని నేనే. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నమ్మింది ఒక్క తెరను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

సోమశిల దగ్గర లాంచీ నడుపుత. మా ఓనరు ఒకనాడు ఓ జీపీఎస్ తెర తెచ్చి చుక్కాని ముందట బిగించిండు. సముద్రంల తిరిగే పడవలకు పెట్టేది. నీళ్ల మ్యాపు, లోతు, గాలివాన ముందుగాల చెప్పుడు, అన్నీ దాంట్లనే. పొద్దున ఒడ్డు మీద నా ఫోన్ నెట్ కలిపితే ఆ రోజు వాతావరణం దిగుతది.

అంతకుముందు మాకు వాతావరణమంటే మామ, నా భార్య నాయిన. పుట్టి మీద చేపలు పట్టిన మనిషి. లాంచీ కదిలే ముందర చెయ్యి నీళ్లల్ల ముంచి గాలికి పట్టేటోడు. "పో" అంటే పోవుడు, "ఆగు" అంటే ఆగుడు. తెర వచ్చినంక పదిమందిల, "మామా, ఇగ నీ చెయ్యికి రిటైర్మెంట్" అన్న. అందరు నవ్విన్రు. ఆయన చెయ్యి ధోతికి తుడుసుకొని ఒడ్డెక్కిండు. మళ్ల లాంచీ ఎక్కలే.

ఎండకాలం, మధ్యాహ్నం. పెండ్లికి పోయే పద్నాలుగు మందిని ఎక్కించుకున్న. తెర మీద పొద్దున దిగిన సూర్యుని బొమ్మ. ఒడ్డు మీద వల కుట్టుకుంటున్న మామ తలెత్తిండు.

"అల్లుడా, గాలి తిరుగుతాంది. జర ఆగు."

"తెర పొమ్మంటాంది మామా."

ఆ తొందరల ఫోన్ చాయ్ హోటల్ల చార్జింగుకు పెట్టి మర్చిపోయిన.

నడి నీళ్లల్లకు పోయినంక తెర ఒక్కసారి మసకబారి మళ్ల వెలిగింది. సూర్యుడు లేడు. మేమున్న తావుల, మా చుట్టూ ఎర్రటి గాలి బాణాలు. ఎడమ దిక్కు గుట్ట మలుపు కాడ ఒక గుర్తు. నేను పెట్టింది కాదు. పైన ఆకాశమైతే నీలంగనే ఉంది.

లాంచీ అటు తిప్పిన. మామ చెప్తే తిరగని చుక్కాని తెర చెప్తే తిరిగింది.

గుట్ట చాటున తాడు కట్టినమో లేదో, గాలి లేచింది. మేము తిప్పిన తావుల మనిషెత్తు అలలు. లాంచీల ముసలామె ఒకామె నా వీపు తట్టి, "ఎంత తెలివి బిడ్డా నీది!" అన్నది. తిట్టినా అంత తగలకపోవు.

సాయంత్రం మామకు ఆ జాగా చెప్పిన. ఆయన కుడుతున్న వల పక్కన పెట్టిండు.

"డ్యాం నీళ్లల్ల మునిగిన మా ఇల్లు గాడనే. గాలి లేస్తే పుట్టి కట్టేది గూడ గాడనే. ఎవ్వలకు చెప్పలే" అన్నడు.

వారానికి మెకానిక్ వచ్చి తెర చూసి పడి పడి నవ్విండు. బిగించిన నాటి నుంచి దాంట్ల వాతావరణం బందరుకు పెట్టి ఉన్నదట. మా నీళ్లు పోయి సముద్రంల కలిసే దిక్కు. గుర్తు సంగతి అడిగిన. దాంట్ల ఏ గుర్తూ లేదన్నడు. ఆ రోజు పొద్దున దిగింది బందరు ఎండ ఒక్కటే. ఫోన్ లేనిదే ఇంకోటి దిగదన్నడు. మరి నేను చూసిందేంది? ఇప్పటికీ తెల్వదు.

అప్పటి నుంచి మామ రోజూ పొద్దున, లాంచీ నిండినంక, అందరు వినేటట్టు అడిగేటోడు: "అల్లుడా, బందరుల ఎట్లుందట?"

తెర చూసి బందరుల పోటు ఎన్ని గంటలకో అందరికి చెప్పుకుంట నలభై దినాలు ఓర్చుకున్న. ఆ తర్వాత ఒకనాడు తెర మీద తువ్వాల కప్పి, అంతకన్న గట్టిగ అన్న: "తప్పయింది మామా. ఎక్కు. నువ్వు చెప్తేనే కదుల్త."

ఇరుక్కున్నడు. గొణుక్కుంట ఎక్కిండు, చెయ్యి ముంచిండు, గాలికి పట్టిండు.

"ఆగు."

ఆగినం. రెండు గంటలు. ఎండ ఫెళ్లున కాసింది. ఆకు కదలలే, చుక్క రాలలే. జనం గులుగుతాన్రు. మామ నా దిక్కు చూస్తలేడు.

అప్పుడు మెల్లగ, ఆయనకొక్కనికే వినపడేటట్టు అడిగిన:

"మామా, ఈ చెయ్యి గూడ బందరుకే పెట్టి ఉన్నదా?"