సుగ్రా బీ చేటలో సముద్రపు ఇసుక

నారాయణఖేడ్ పప్పుమిల్లులో సుగ్రా బీ ఇరవై రెండేళ్లు కందిపప్పు నేమింది. చెరగడం చాలామందికి వస్తుంది, పొట్టు గాలికి పోతే చాలు. నేమడం వేరు. చేటను అడ్డంగా ఆడిస్తూ రాయిని ఒక మూలకు, పప్పును ఇంకో మూలకు, నూకను మధ్యకు పంపాలి. మనూర్ నుంచి కోడలిగా వచ్చిన ఏడాదే ఆ పని పట్టుబడింది. భర్త అలీముద్దీన్ బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసేవాడు. పక్కింటి లక్ష్మవ్వ, బోరంచ నల్లపోచమ్మకు బోనం వండే బియ్యం కూడా ఆమె చేతనే నేమించేది.

1989 ఎండాకాలంలో మిల్లు పని తగ్గి ఆమె ఇంటిపట్టున ఉంది. అప్పుడే లక్ష్మవ్వ కొడుకు సంగమేశ్వర్ పచ్చకామెర్లతో ఇల్లు చేరాడు. అతను కోస్తాలో ఒక మాస్టారి దగ్గర సముద్రం మీద పరిశోధన చేస్తున్నాడు. మనిషి సగమయ్యాడు గానీ మూడు చిన్న ఇసుక సంచులు మాత్రం బస్సు మీద వేసుకొచ్చాడు.

"మన వాగుల ఇసుక అయిపోయిందా బేటా?" అంది సుగ్రా బీ.

"ఇందుల ప్లాస్టిక్ ముక్కలున్నయ్ ఖాలా. ఏయే దేశాలల్లనో పారేసింది సముద్రంల కొట్టుకొచ్చి మన ఒడ్డున పడ్తది. చేపలు మేత అనుకొని మింగుతున్నయ్. సంచికి ఎన్ని ముక్కలున్నయో తేల్చాలె," అన్నాడు సంగమేశ్వర్. చిన్నప్పటి నుంచీ ఆమెను పిన్ని వరసన ఖాలా అనేవాడు.

మొత్తం ఆరు సంచులు. మూడింటిని అక్కడే పూర్తిచేశాడు. మిగిలిన మూడూ నెలాఖరుకు తేలిస్తే, నడిసముద్రంలో వలలు లాగి ఇవే ముక్కలు వెతకబోయే ఓడలో అతనికి చోటు. లేకుంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఇసుకను చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, తేలినవి ఏరడం అతని పద్ధతి. బకెట్ ఎత్తబోయి సగంలోనే దించేశాడు. రెండు రోజులకే మళ్లీ మంచం పట్టాడు.

సుగ్రా బీ ఒక సంచి తన వాకిట్లోకి ఈడ్చుకుంది. దుప్పటి మీద ఇసుక ఆరబోసి, గుప్పెడు గుప్పెడు చేటలో వేసుకుంది. మొదట కుదరలేదు. ఇసుక పప్పులా ఆగదు, జల్దీ జారుతుంది. సాయంత్రానికి చేయి తిరిగింది. గవ్వల పెంకులు ఒక పక్కకు, ఇసుక ఒక పక్కకు పోయి, ముక్కలు ముందంచుకు రాసాగాయి. కంటికి ఆననివి వేలికొసకు తగిలాయి. తొమ్మిది రోజుల్లో మూడు సంచులూ అయ్యాయి.

ఆమె వదిలేసిన ఇసుకను సంగమేశ్వర్ ఉప్పునీళ్లలో వేసి చూశాడు. ఒక్క ముక్కా తేలలేదు. ఆనందం పట్టలేక, ఆమె ఏరినవాటిని కూడా వేశాడు. వాటిలో నాలుగో వంతు అడుగుకు పోయాయి.

"ఇవి ప్లాస్టిక్ గాదు ఖాలా. గవ్వలు కలిసినట్టున్నయ్."

సుగ్రా బీ ముఖం మారింది. ఇన్నేళ్లలో ఆమె నేమిన పప్పులో రాయి తగిలిందని ఎవరూ అనలేదు. లోపలికి వెళ్లి దబ్బనం ఎర్రగా కాల్చి తెచ్చి, మునిగిన ముక్క ఒకదానికి ఆనించింది. అది మెత్తబడి జిగురులా సాగింది. ఇంకోదానికి ఆనించింది. అదీ అంతే.

"గవ్వ గిట్ల సాగుతదా? ఇది కరెంటు తీగ మీది తొక్క. గిది చెప్పు ముక్క. నువ్వు ఇసుకను బియ్యం లెక్క నీళ్లల్ల గాలిచ్చినవ్. గాలిస్తే బరువున్నది రాళ్లతోని అడుగుననే ఉంటది. నేను నేమిన."

సంగమేశ్వర్ మునిగిన ముక్కలన్నీ అరచేతిలోకి ఏరుకున్నాడు. అంటే కోస్తాలో ముగించిన మూడు సంచుల్లో ఇలా మునిగినవేవీ లెక్కకు రాలేదు, ఆ లెక్కలన్నీ తప్పే.

"మునిగినయి పక్కకు పెడ్తే ఆరు సంచులు ఒక్క తీరుగ ఉంటయ్," అన్నాడు. "ఎవ్వలకు ఎర్కైతది? ఓడ దొరుకుతది."

"పెట్టుకో," అంది సుగ్రా బీ చేట దులుపుతూ. "గానీ సుగ్రా బీ నేమిందని మాత్రం యాడ చెప్పకు."

మజ్జిగ తెచ్చిన లక్ష్మవ్వ నవ్వింది. "ఓడనన్న ఎన్కకు మళ్లుతది గానీ మీ ఖాలా మళ్లది బిడ్డా."

మరునాడు అతను ఉన్నదున్నట్టు మాస్టారికి ఉత్తరం రాసి, మునిగిన ముక్కలు పొట్లం కట్టి పంపాడు. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. ఓడలో చోటు వేరొకరికి ఇచ్చారు. ఓడ మళ్లీ వచ్చే ఏడు పోతుందట. పాత సంచుల ఇసుక దాచే ఉందని, లారీకి వేస్తున్నామని, మళ్లీ చేయమని మాస్టారు రాశారు. చేటతో వేరుచేసే పద్ధతిని వివరంగా రాసి పంపమన్నారు. సంగమేశ్వర్ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. తెల్లారి మాత్రం లారీ ఎప్పుడొస్తుందని తానే వాకబు చేశాడు.

సంచులు దిగిన రోజు అతను కాగితం, కలం పట్టుకుని సుగ్రా బీ ముందు కూర్చున్నాడు.

"ఎట్ల చేస్తవో చెప్పు ఖాలా, రాసుకుంట."

ఆమె కాగితం తీసి పక్కన పెట్టి, చేట అతని చేతిలో పెట్టింది. ఇసుక అంతా అతని మోకాళ్ల మీద పడింది.

"మోచేతులు దగ్గరికి," అంది. "చేటను ఎగరెయ్యకు, తిప్పు."

పొద్దు నెత్తికెక్కేసరికి ఒక ఎర్ర ముక్క తనంతట తానే అంచుకు వచ్చి ఆగింది. సంగమేశ్వర్ తలెత్తి చూశాడు.

"నన్నేం చూస్తవ్? తీసి డబ్బాల ఎయ్యి," అంది సుగ్రా బీ, ఇంకో గుప్పెడు ఇసుక పోస్తూ.